మైసమ్మకు ఇచ్చిన ఎల్లిగడ్డ

అలంపూర్ మునిగిన ఏటి నుంచి లెక్క పెడితే ఇది పదిహేనో ఏడు. మా వైపు పిల్లల వయసు కూడా అట్లాగే చెబుతారు. వీడు వరదకు ముందు పుట్టినవాడు, వాడు వరద తర్వాత పుట్టినవాడు అని. మా ఇంట్లో ఎల్లిగడ్డ లెక్క కూడా ఆ వరద నుంచే. పుస్తకాల్లో దాన్ని వెల్లుల్లి అంటారు.

ఆ ఏడు మా చెల్లెలు తిమ్మమ్మను చూసొద్దామని అలంపూర్ పోయాను. పోయిన రాత్రే తుంగభద్ర ఊళ్లోకి వచ్చింది. ఎవరిదో మేడ మీద, ఎవరివో మేకల నడుమ, చెల్లెలితో పాటు రెండు రాత్రులు కూర్చున్నాను. గట్టు మండలంలో మా ఊళ్లో నా భార్య లక్ష్మీదేవమ్మకు అలంపూర్ కొట్టుకపోయిందన్న కబురు అందింది. నా కబురు అందలేదు. పొలిమేరలో మైసమ్మ ముందు నిలబడి, మనిషి తిరిగొస్తే బతికినన్నాళ్లు ఎల్లిగడ్డ నోట పెట్టనని మొక్కుకుంది. నేను తిరిగొచ్చాను. ఒక చెప్పు పోయింది, అంతే.

మేకపోతును మొక్కితే ఒక్కనాటితో తీరేది. కానీ మేకపోతు ఆమెకు అంత ఇష్టం కాదు. ఎల్లిగడ్డ ఇష్టం. జొన్నరొట్టె మీద ఎల్లిగడ్డ కారం పెట్టుకుని, నడుమ గుంత చేసి పల్లి నూనె పోసుకుంటే ఆమెకు ఇంక కూర అక్కర లేదు. ఇష్టం లేనిది ఇస్తే అది మొక్కెట్లా అవుతుందని ఆమె లెక్క.

అప్పటి నుంచి మాకందరికీ కారం ఆమే దంచుతుంది. నాలుక మీద పెట్టకుండానే ఉప్పు సరిపోయిందో లేదో వాసనతో చెబుతుంది. దంచినాక సబ్బుతో కడుక్కోదు. ఉత్త నీళ్లతో చేయి కడుక్కుని, ఆ చేత్తోనే తన ఉత్త రొట్టె తుంచుకుంటుంది. ముద్ద నోటి దగ్గరికి పోయినప్పుడు ముక్కు కింద ఒక్క క్షణం ఆగుతుంది. పక్కన కూర్చుని నేను చూసేవాణ్ని. దాని గురించి ఎన్నడూ మాట్లాడలేదు. ఏమని మాట్లాడతాం?

ఈ ఎండాకాలం ఆమె పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడింది. గద్వాల దవాఖానలో చూసి బీపీ అన్నారు. పొద్దున ఒక గోలీ, రాత్రి ఒక గోలీ రాసిచ్చి, ఒక్క పూట కూడా విడవొద్దన్నారు. విడిస్తే కాలో చెయ్యో పడిపోవచ్చని గట్టిగానే చెప్పారు. లక్ష్మీదేవమ్మకు గోలీలంటే పడదు. అయినా కాలూ చెయ్యీ పడిపోతే రొట్టెలు ఎవరు చేస్తారని వేసుకోసాగింది.

ఆ గోలీలు మరవకుండా చేతిలో పెట్టేది మా కోడలు సౌందర్య. డిగ్రీ చదివింది. మంచి పిల్ల. ఆమెకున్న జబ్బు ఒకటే, ఫోను.

ఫోనులో తెల్లకోటు తొడుక్కున్న ఒకాయన చెప్పాడట. ఎక్కడో సముద్రం పక్క దేశంలో మనుషులు ఆలివ్ నూనె పోసుకుని, ఎల్లిగడ్డ నమిలి, నూరేళ్లు బతుకుతారట.

"వాళ్లు ఏం పని చేస్తరమ్మా?" అని అడిగాను.

"అది చెప్పలే మామా" అంది.

మరుసటి వారం నా కొడుకు సుదర్శన్ గద్వాల పెద్ద దుకాణం నుంచి పచ్చసీసా ఒకటి తెచ్చాడు. మా చేలో పండిన పల్లీలతో గానుగ ఆడించిన నూనె డబ్బా మంచం కిందికి పోయింది. ఆ నూనెను మేం మంచినూనె అంటాం. ఆ పేరు పెట్టిననాడు ఫోన్లు లేవు.

ఆలివ్ నూనె సంగతి ఊరంతా తెలిసింది. పక్క వాడ శాంతయ్య మొదట వచ్చాడు. నాతోపాటు చిన్నప్పుడు పశువులు కాసినవాడు. ఆదివారం చర్చికి పోతాడు.

"అమ్మా సౌందర్యా, జర ఆ సీస సూపియ్యవా? ఒలీవ నూనె, ఒలీవ నూనె అని పాస్టరు చెప్తుంటె పుట్టినకాడికెల్లి వినుడే గాని సూసింది లేదు."

సౌందర్య సీసా ఇచ్చింది. శాంతయ్య తువ్వాల తీసి భుజం మీద వేసుకుని రెండు చేతులతో అందుకున్నాడు. మూత తీసి ఒక చుక్క నడినెత్తిన పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"పెదనాయినా, అది నెత్తికి కాదు, తినేటిది" అంది సౌందర్య.

"తినేటిదా?" అని శాంతయ్య కళ్లు తెరిచాడు. "ఎంత పని జేసిన్రమ్మా! దీంట్ల వంకాయ ఏంచుతున్రా?"

నిజానికి ఆ వంకాయ కూర తిన్నాక నాకూ అట్లాగే అనిపించింది.

కూరతో పోతే బాగుండేది. ఎల్లిగడ్డ పచ్చిది నమలాలట, పరిగడుపున. సౌందర్య పొద్దున్నే గిన్నెలో ఆలివ్ నూనె పోసి, అందులో ఒలిచిన ఎల్లిగడ్డ రెబ్బలు వేసి, ప్రసాదం పంచినట్టు పంచేది. సుదర్శన్ చేతిలో పట్టుకుని చేనికి పోయేవాడు. అటు పోయి ఏం చేసేవాడో నాకు తెలుసు, గట్టు మీద ఎల్లిగడ్డ మొలకలు లేచాయి. నేను ఎక్కడికి పోను? ఆమె ముందే నమిలేవాణ్ని. వద్దంటే ఎందుకని అడుగుతుంది, దానికి మళ్లీ మాట్లాడాలి. నమలడమే సులువు. ఆమె కొత్త వీడియో చూసిన రోజు నా వాటా పెరిగేది.

"గుండె నాళాలు సాఫయితయి మామా" అనేది.

శాంతయ్య నా పక్కన కూర్చోవడం మానేసి ఎదురుగా కూర్చునేవాడు.

"ఏం కురుమూర్తన్నా, గుండె ఎట్లున్నదో గాని నోరు మాత్రం జోరుమీదున్నది. మేం ఎల్లిగడ్డ కారంతోనే పెరిగినం, మాకు గుండె ఉన్నదన్న సంగతే తెల్వది. సదువుకుంటె గన్ని తెలుస్తయి."

సౌందర్య అసలు గురి నేను కాదు, అత్త. బీపీ ఉన్నది అత్తకు. ఎల్లిగడ్డ బీపీని దించుతుందని ఫోను చెప్పింది. అత్త మాత్రం గిన్నె దగ్గరికే రాదు.

"అత్తమ్మా, ఒక్కటి. మందు లెక్క మింగు. దేవతకు మన పానం మంచిగుండుడు ఇష్టం ఉండదా?"

"ఇచ్చింది ఇచ్చినట్టే బిడ్డా. ఇచ్చి ఎనకకు గుంజుకుంటారా ఎవరన్న?"

"పదిహేనేండ్లాయె!"

"పదిహేనేండ్ల సంది మీ మామ ఉన్నడా లేడా? మరి?"

సౌందర్య నా దిక్కు చూసింది. నేను ఉన్నాను. అది అత్త తరఫు సాక్ష్యం అయిపోయింది.

తర్వాత కొన్నాళ్లకు అత్త గోలీలతో పాటు ఇంకో గోలీ వచ్చింది. చేప కన్నులాగా మెత్తగా, మెరుస్తూ ఉండేది. "ఇదేందే?" అని లక్ష్మీదేవమ్మ అడిగితే, "తాకత్‌ది అత్తమ్మా, బలమొస్తది" అంది సౌందర్య. మెడికల్ షాపులో ఎల్లిగడ్డ నూనెను గోలీలు చేసి అమ్ముతారని నాకు అప్పటికి తెలియదు. ఒకనాడు పక్క మంచం మీద ఆమె తేన్చింది. అప్పుడు తెలిసింది.

ఆమెకూ ఆ వాసన వచ్చింది.

"ఎవరు తిన్నరు ఎల్లిగడ్డ, ఇంత వాసనొస్తుంది?" అంది.

"నేనే" అన్నాను.

"పొద్దున తిన్నది ఇంకా వస్తదా?"

"వస్తది."

"జర తగ్గించు. పక్కన పండేటోల్లు ఉన్నరని సోయి ఉండాలె."

తెల్లారి సౌందర్యను చూశాను. ఆమె నన్ను చూసి తల వంచుకుంది. నేను తెలుసుకున్నానని ఆమెకు తెలిసింది. చెబితే లక్ష్మీదేవమ్మ ఆ గోలీ ఒక్కటే కాదు, అన్ని గోలీలూ విసిరికొడుతుంది. ఇక కోడలి చేతి నుంచి మంచినీళ్లు కూడా తాగదు. అప్పుడు కాలో చెయ్యో పడుతుంది. కాబట్టి రోజూ ఆమె తేన్చేది, నేను తిట్లు తినేవాణ్ని.

ఇందులో ఇంకొక సంగతి ఉంది. ఆమె మొక్కు లెక్కన ఆమె ఎల్లిగడ్డ తింటే పోవలసింది నేను. నాకు అట్లాంటి వాటి మీద నమ్మకం ఎక్కువ లేదు. అయినా రోజూ పొద్దున లేవగానే ఒకసారి చేతులు, కాళ్లు ఆడించి చూసుకునేవాణ్ని.

శ్రావణం వచ్చింది. ఒక మంగళవారం పొద్దున గిన్నెలో నా వాటా నమిలి, సద్ది తినకుండానే పల్లికాయ బస్తా ఒకటి పక్కకు జరిపాను. ఎదలో మంట లేచింది. కుంపటి పెట్టినట్టు గొంతు దాకా వచ్చింది. చెమట పట్టింది. అరుగు మీద కూలబడ్డాను.

"ఓయమ్మో, ఏమయ్యా! ఎట్లయితుంది?" అని లక్ష్మీదేవమ్మ ఎద మీద చేయి పెట్టింది.

సుదర్శన్ ఆటోకు పరుగెత్తాడు. ఆలివ్ నూనె గిన్నె పట్టుకుని సౌందర్య గడపలోనే నిలబడిపోయింది. దేవుడి పటం ముందు అగరుబత్తి కూడా అత్తే వెలిగించాలనే పిల్ల, ఆటోలో గద్వాల దాకా పెదవులు కదుపుతూనే ఉంది.

దవాఖానలో పడుకోబెట్టి ఎదకు వైర్లు అతికించారు. కాగితం మీద గీతలు వచ్చాయి. డాక్టరమ్మ చిన్న పిల్ల. గీతలు చూసి, పొట్ట మీద వేలితో నొక్కి చూసింది.

"తాతా, పొద్దున ఏం తిన్నవ్?"

"ఎల్లిగడ్డ."

"దేంతోటి?"

"నూనెతోటి."

"ఇంకా?"

"అంతే."

"ఎన్ని?"

"కోడలు ఇచ్చినన్ని."

డాక్టరమ్మ కోడలి వైపు చూసింది. కోడలు గోడ వైపు చూసింది.

"గుండె మంచిగనే ఉన్నది. ఇది గ్యాసు మంట. పచ్చి ఎల్లిగడ్డ పరిగడుపున ఇట్ల నమిలితే కడుపుల పుండయితది. బంద్ చెయ్యున్రి. కూరల ఏస్కోండి, పచ్చట్ల ఏస్కోండి, ఎవరొద్దన్నరు? అది తిండి. మందు లెక్క పెడితెట్ల?"

గుండె నొప్పి రాకుండా పెట్టిన ఎల్లిగడ్డతో గుండె నొప్పి అనుకుని దవాఖానకు వచ్చాం. సుదర్శన్‌కు నవ్వొచ్చి బయటికి పోయాడు.

ఎట్లాగూ వచ్చాం కదా అని లక్ష్మీదేవమ్మకు కూడా బీపీ చూశారు. బాగా దిగింది. "చూసినవా, నా తల్లి" అని లక్ష్మీదేవమ్మ చేతులు జోడించింది. సౌందర్య నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. "గోలీలు టైముకు ఏస్కుంటున్నవు, అందుకే దిగింది" అంది డాక్టరమ్మ. ముగ్గురూ ఎవరికి వారు గెలిచారు.

తిరిగొచ్చేటప్పుడు పొలిమేర దగ్గర లక్ష్మీదేవమ్మ ఆటో ఆపించింది. సుదర్శన్ అప్పటికే చేనికని దిగిపోయాడు. మేం ముగ్గురమే దిగాం. మైసమ్మ గుడి అంటే వేపచెట్టు కింద చిన్న గది. దీపం పెట్టే రామచంద్రయ్య బయట కూర్చుని కొబ్బరికాయల పీచు తీస్తున్నాడు. నన్ను చూసి, "దవాఖాన అన్నరు, నడిచే వస్తివి గదా" అన్నాడు.

లక్ష్మీదేవమ్మ కొంగు నడుముకు చుట్టి అమ్మవారి ముందు నిలబడింది. కొంగు ముడి విప్పి, దవాఖానలో ఇచ్చిన గోలీల పొట్లం తీసి గద్దె మీద పెట్టింది.

"తల్లీ, డాక్టరు గ్యాసన్నది. ఆ పిల్లకేమెరుక? నాకు తెలుసు. నీకు ఎల్లిగడ్డ సాలలేదు. ఇంకా అడుగుతున్నవు. నా తాన ఇంకేమున్నది? ఇగో, ఈ గోలీలు ఇయ్యాల్టి సంది ముట్ట. నా ఆయుసు ఎంతుంటె అంత ఆయనకు పెట్టు."

సౌందర్య "అత్తమ్మా!" అని చేయి పట్టుకుంది. లక్ష్మీదేవమ్మ విదిలించింది. ఆమె ఇచ్చింది ఇచ్చినట్టే. పదిహేనేళ్లుగా చూస్తున్నాను. ఆ పొట్లం గద్దె మీద ఉంటే నెల తిరిగేసరికి ఈమె మంచాన పడుతుంది.

మాట్లాడక తప్పలేదు.

"దేవమ్మా" అన్నాను. "నెల మీదాయె నువ్వు ఎల్లిగడ్డ తినవట్టి. నేను సచ్చిన్నా?"

ఆమె వెనక్కి తిరిగింది.

"ఏడ తిన్న?"

"ఆ మెత్తటి గోలీ."

"నేనే పెట్టిన అత్తమ్మా" అని సౌందర్య ఏడుపు అందుకుంది. "నీ బీపీ దిగుతదని పెట్టిన. తప్పయింది."

నా మాటతో ఆమెకు అర్థమవుతుందనుకున్నాను. తిన్నది, నేను బతికే ఉన్నాను, ఇక మొక్కు గొడవ లేదు. అంత తేట లెక్క. లక్ష్మీదేవమ్మ నా ఎద వైపు చూసింది.

"గందుకేనా ఆ మంట లేసింది!" అంది.

అదే సంగతి అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు పనికొచ్చింది.

"మంట లేసింది పచ్చియి నమిలితే అత్తమ్మా" అని సౌందర్య ముక్కు తుడుచుకుంది. "నేను గూడ మొక్కిన ఆటోల. మామకేం కాకుంటే ఆలివ్ నూనె ముట్టనని మొక్కిన."

"మైసమ్మకు ఆలివ్ నూనె ఏమెరుకే? మేకపోతు ఎరుక, కల్లు ఎరుక. నువ్వు ఇడిసింది ఏందో ఆమెకు ఎవరు చెప్పాలె?"

"నాకు తెలిసింది అదే గదా అత్తమ్మా" అంది పాపం.

రామచంద్రయ్య పీచు తీయడం ఆపి వింటున్నాడు.

"ఇంతకు నీ మొక్కు ఎవరి కోసం లచ్మిదేవమ్మా?" అన్నాడు.

"ఈయన కోసమే. వరదల."

"మరి ఈయన మొక్కుకు ఇడుపు అడగలేదా? ఎవరి పేర ఇడిసినవో ఆ మనిషి నోటితోని వచ్చి అడిగితె తల్లి ఇడుపిస్తది. మా తాతల కాడికెల్లి ఉన్నదే. మనిషి తిరిగొచ్చిన తెల్లారే అడగాలె గదా. పదిహేనేండ్లు ఏం జేసిండు?"

"ఈయన మాట్లాడితె గదా" అంది లక్ష్మీదేవమ్మ.

రామచంద్రయ్య నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "ఇప్పుడన్న నోరిప్పు" అని కొబ్బరికాయ చేతికిచ్చాడు.

నేను అమ్మవారి ముందుకు పోయాను. ఇట్లాంటివి ఎట్లా అడగాలో నాకు రాదు. మనిషితో చెప్పినట్టే చెప్పాను.

"తల్లీ, వరదలకెల్లి నన్ను ఎనకకు పంపినవు. మంచిది. దాని ఎల్లిగడ్డ దానికియ్యి. దాని గోలీలు దానికియ్యి. ఉత్తగ అడుగుతలేను. ఇయ్యాల్టి సంది ఎల్లిగడ్డ నేను ఇడిసిపెడుతున్న. దాని పానం మంచిగుంచు."

కాయ కొట్టాను. రెండు చిప్పలూ సమంగా పగిలాయి. రామచంద్రయ్య "ఇచ్చింది" అన్నాడు. గోలీల పొట్లం తీసి, కుంకుమ బొట్టు పెట్టి, లక్ష్మీదేవమ్మ కొంగులో వేశాడు.

ఆమె కొంగు ముడి వేసుకుంటూ నన్ను ఓరగా చూసింది.

"ఉషారోనివే. డాక్టరు వద్దన్నదే ఇడిసినవు."

"డాక్టరు పచ్చిది వద్దన్నది. నేను కారం గూడ ఇడిసిన."

ఆమె కొంగు ముడి ఇంకోసారి బిగించుకుంది. నాకూ ఎల్లిగడ్డ కారం అంటే ఎంత ఇష్టమో ఆమెకు తెలుసు. దంచిపెట్టేది ఆమే కదా.

ఇంటికి వచ్చేసరికి శాంతయ్య అరుగు మీద ఉన్నాడు, నన్ను చూసిపోదామని. సౌందర్య లోపలికి పోయి పచ్చసీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. సగం కంటే ఎక్కువే ఉంది.

"తీస్కపో పెదనాయినా. నేను ఇడిసిపెట్టిన."

శాంతయ్య మళ్లీ తువ్వాల తీశాడు. "చర్చిల ఇస్త. పానం బాగలేనోల్లకు నొసట రాసి ప్రార్థన చేస్తరు. ఇప్పుడు సక్కటి దారి పట్టింది నూనె" అన్నాడు. పోతూ పోతూ కొంచెం నా నొసట కూడా రాశాడు. ఆ రోజు నాకు దవాఖాన, మైసమ్మ, ఒలీవ నూనె మూడూ అయ్యాయి. మంట తగ్గింది.

తెల్లారి అందరికంటే ముందు లేచాను. ఎండుమిరపకాయలు పెనం మీద వేయించి, రోట్లో వేసి, ఉప్పు, జీలకర్ర, ఎల్లిగడ్డలు వేసి దంచాను. నేను దంచడం అదే మొదలు. చప్పుడుకు సౌందర్య లేచి వచ్చి, మంచం కింద నుంచి పల్లి నూనె డబ్బా తీసి తుడిచి పెట్టింది. లక్ష్మీదేవమ్మ రొట్టెలు చేసింది. నా దంచుడు చూసి, "మెత్తగయింది, గట్ల దంచరు" అంది. ఆమె కంచంలో రొట్టె మీద కారం పెట్టి, నడుమ గుంత చేసి నూనె పోశాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత ముక్క తుంచి అద్దుకుని నోట పెట్టుకుంది. కళ్లల్లో నీళ్లొచ్చాయి.

"కారమెక్కువయింది" అంది. "ఉప్పు గూడ ఎక్కువే. బీపీ ఉన్నోల్లకు ఉప్పు తగ్గించమన్నరని సోయి లేదా?"

రెండో రొట్టె కూడా దాంతోనే తిన్నది. గోలీ వేసుకుంది. మెత్తటిది పక్కన పెట్టి తెల్లది ఒక్కటే.

నేను నీళ్ల గాబు దగ్గరికి పోయాను. సబ్బు అక్కడే ఉంది. ముట్టలేదు. ఉత్త నీళ్లతో చేయి కడుక్కుని వచ్చి కూర్చుని, నా ఉత్త రొట్టె తుంచుకున్నాను.